మంచులో గొల్లతాత

"గింత మంచుల ఏటి దిక్కు పోవుడెందుకండి? పిల్ల జారిందంటే ఏం గావాలె?" ఏటి ఒడ్డున ఉన్న దేవసూగూరులో ఆటో దిగకముందే అన్నాను.

మా ఆయన గురురాజ్ నవ్వాడు. "నీకు చెంబుల నీళ్లు చూసినా బిడ్డ మునుగుతదనే భయమేనాయె. సూగూరేశ్వరునికి మొక్కింది నువ్వే గదనే!"

మొక్కింది నేనే. ఏడేళ్ల హేమశ్రీకి జ్వరం తగ్గితే స్వామికి నది నీళ్లు పోస్తానని. ఇత్తడి చెంబు మెడకు ఎర్ర పేలిక కూడా కట్టాను.

ఏట్లో స్నానమయ్యాక పిల్లను, చెంబును మెట్ల మీద ఆయనకు అప్పజెప్పి, తడి చీర మార్చుకోవడానికి గోడ చాటుకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మెట్లు ఖాళీ.

"హేమా!"

ఏటి దిక్కు చూశాను. మంచులో ఎక్కడో చాలా దూరాన, ఏటి నడుమ రాళ్ల మీద, గొంగడి ముసుగేసుకున్న గొల్లతాత ఒకడు కనబడ్డాడు. చేతిలో కడవ.

"ఓ తాతా! మా పిల్లనేమన్న చూస్తివా?"

ముసుగు కొంచెం కదిలింది. చెవుడేమో అనుకున్నాను.

అంతలో గురురాజ్ కొబ్బరికాయలతో వచ్చాడు.

"పిల్లేదండి?"

"గీడనే కూసోబెట్టి పోతి గదా! వణుకుతుంటే మన అంగడి గొంగడి కప్పి, గొల్లోళ్ల ముసుగు లెక్క నెత్తి మీద కొప్పెర పెట్టిన."

రాయచూరు బజారులో మాది కంబళ్ల అంగడే. ఆ కొప్పెర పెడితే తల, మెడ, భుజాలు ఏవీ తెలియవు. మనిషి ఎంతవాడో చెప్పలేం.

ఆ తాత వైపు మళ్లీ చూశాను. కడవ మెడకు ఎర్ర పేలిక వేలాడుతోంది.

అది కడవ కాదు. నా చెంబు. చెంబు కడవంతగా కనబడుతోందంటే దాన్ని పట్టుకున్నది తాత కాదు, దూరాన లేనే లేదు. నా ముందరే, నీళ్ల మధ్య ఉంది నా బిడ్డ.

"ఏమండీ, గదే! గదే హేమ!" అనేలోపు మంచు దట్టంగా కమ్మేసింది. గొంగడి కనబడలేదు.

ఆయన కాయలు పారేసి నీళ్లలోకి దూకాడు. "హేమా! ఎటున్నవే?"

ఏటి హోరు తప్ప ఏమీ లేదు. తడిసిన గొంగడి ఎంత బరువో మాకు తెలుసు. ఆయన కూడా మంచులో కలిసిపోయాడు. నేను నీళ్ల అంచున చివరి మెట్టు దాకా దిగాను.

చాలాసేపటికి, చేయి చాస్తే అందేంత దగ్గర నుంచి సన్నటి గొంతు వచ్చింది.

"అమ్మా... గొంగడిల నా పేరు వినబడలే, నువ్వు తాతను పిలుస్తున్నవనుకున్న. చెంబుల నీళ్లు ముంచబోతె నా కాలు రాళ్ల సందుల ఇరికింది. గొంగడి తడిసింది, తిట్టవు గదా?"