రెండో కప్పు చారు

బుసాన్ రేవు పక్క యోంగ్దో బజారులో, చారు కొట్టు సున్రే చేతి గరిటె జోలికి పోయి బాగుపడ్డవాళ్ళు లేరు. కన్నకూతురు సొల్మికైనా మినహాయింపు లేదు. ఉల్లికాడలు తరగడం, పుల్లలు గుచ్చడం, బల్ల తుడవడం, అంతవరకే ఆ పిల్ల పని. చారు కుండ దగ్గరికి వచ్చిందా, తల్లి మోచేత్తో పక్కకి నెట్టేసేది.

ఆ ముల్లంగి చారులో రెండు రకాల పుల్లలు ఉడుకుతుంటాయి. ఒకటి చేపముద్ద రేకులది, ఓముక్. రెండోది తొక్, బియ్యప్పిండి కడ్డీ. దాన్ని చారులో వేసి ఉడికించడం బుసాన్ వాళ్ళకే తెలుసు, మిగతా కొరియా వింతగా చూస్తుంది. చూడనివ్వండి, వాళ్ళ ఖర్మ. పుల్ల కొన్నవాళ్ళకి చారు ఉత్తినే. మొదటి కప్పు చలికి తాగుతారు. రెండోసారి కప్పు చాపారంటే మాత్రం బాగుందని అర్థం. నోరు తెరిచి మెచ్చుకునే అలవాటు ఆ రేవు మనుషులకి ఏ కోశానా లేదు.

సొల్మి ఊరికే కూర్చునే రకం కాదు. జున్ను సాగే కార్న్‌డాగ్‌లు పెట్టింది. పాకం పట్టిన పళ్ళ పుల్లలు పెట్టింది. కొన్నాళ్ళు ఎగబడ్డారు, తర్వాత ఈగలు కూడా వాలలేదు. ఇప్పుడు పక్క కొట్టు జిన్‌పో తొక్ మీద మీగడ పోసి గులాబీరంగు తెప్పించి అమ్ముతుంటే జనం ఫోన్లు పట్టుకుని బారులు తీరారు. మోకాళ్ళు అరిగిన సున్రే అది చూసి ఒకనాడు తేల్చి చెప్పేసింది, చలి పోగానే ఈ కొట్టు కూడా అతనికే ఇచ్చేస్తానని.

సొల్మికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ చాకిరీ ఇందుకేనా అని నిలదీసింది.

"నీ చారు తాగి మేంగ్ రెండో కప్పు అడగనీ" అంది తల్లి. "ఆ రోజు గరిటే నీదే, కొట్టూ నీదే. అందాకా నోర్మూసుకో."

మేంగ్ అంటే ఓడల అడుగున తుప్పు గీకే పెద్దమనిషి. సున్రే చారు తప్ప ఇంకెవరి చారూ రెండోసారి పోయించుకున్న పాపాన పోలేదు. తల్లి కావాలనే కొండ చూపించి ఎక్కమందని సొల్మికి తెలుసు.

ఇంతలో ఉల్సాన్‌లో పెద్దమ్మకి డెబ్భై ఏళ్ళ వేడుక వచ్చింది. సున్రే పొద్దున్నే బస్సెక్కుతూ వందసార్లు చెప్పింది, తొక్ పుల్లలు మెత్తబడగానే పైకి తియ్యమని. సొల్మి వందసార్లూ తలూపింది.

ఊపి ఏం లాభం? బయట మంచు కలిసిన వాన. జిన్‌పో గుడారం మీది నీళ్ళు ధారగా వచ్చి సొల్మి బల్ల మీద పడుతున్నాయి. ఆమె వెళ్ళి గొడవేసుకుంది. అతను గాలిని తిట్టాడు, ఆమె అతన్ని తిట్టింది. నెగ్గి వచ్చి మూత తీస్తే ఏముంది, ఓముక్ తప్ప మిగిలినవన్నీ ఉత్త పుల్లలు. తొక్ అంతా కరిగి చారు తెల్లగా గంజిలా చిక్కబడింది. సరిగ్గా అప్పుడే భోజనాల కూత పడింది. వీధి చివర ఓడల పనివాళ్ళు, వాళ్ళ ముందు మేంగ్.

ఏడుపు తన్నుకొచ్చింది ఆ పిల్లకి. కొత్త చారు కాచే వ్యవధి లేదు. కొట్టు మూసేస్తే తల్లి మాటే నెగ్గుతుంది. ఆ తెల్లటి కుండలోకి చూస్తూ నిలబడిపోయింది. కొత్త సంవత్సరం నాటి తొక్ చారు ఇలాగే చిక్కగా ఉంటుంది కదూ! అంతే, ముక్కు ఎగబీల్చి, కాల్చిన సముద్రపు నాచు నలిపి పోసింది, మిరియాలు దంచి చల్లింది, పచ్చిమిరపకాయలు తరిగి కుమ్మరించింది, పైన ఇంత నువ్వులనూనె.

మేంగ్ ఓముక్ పుల్ల తిన్నాడు. కప్పు అందుకుని ఊదుకుంటూ తాగాడు. ఆ మొహంలో ఏమీ కనపడదు, గోడే నయం. పండగనాడు తొక్ చారు తాగితేనే ఒక ఏడు పెరిగినట్టు లెక్కేస్తారు అక్కడ.

"నన్ను అప్పుడే ఇంకో ఏడు ముసలాణ్ణి చేశావు కదే అమ్మాయ్" అన్నాడు మేంగ్. కప్పు చాపాడు. "సర్లే, ఇంకో ఏడు కూడా పోసెయ్."

ఆ ముసలాయన అంత పెద్ద మాట అనగా ఆ వీధిలో ఎవరూ విన్నది లేదు. వెనకున్నవాళ్ళంతా కప్పులు చాపారు. ఫోనుల్లో ఆ సంగతి పాకి జిన్‌పో బారులోని పిల్లలు ఇటు జరిగారు. చివరికి జిన్‌పో కూడా వచ్చి తలొంచుకుని ఒక కప్పు పట్టుకెళ్ళాడు. సొల్మికి అరవాలనిపించింది, ఎగరాలనిపించింది. చేతిలో గరిటె ఉంది కాబట్టి ఆగింది.

మధ్యాహ్నం దాటాక సున్రే బస్సు దిగింది. ఆ వరస మీగడ కొట్టుదేమో అనుకుని తిట్టుకుంటూ తోసుకొచ్చింది. తన కుండే. లోపలికి చూసి నిర్ఘాంతపోయింది.

"తొక్ కరగబెట్టావా?"

"కరగబెట్టాను. మేంగ్ బాబాయ్ రెండు కప్పులు తాగాడు. కావాలంటే వెళ్ళి అడుగు."

సున్రే అడగలేదు. కప్పు నింపుకుని తాగింది, ఉప్పు చాల్లేదని సణిగింది, ఖాళీ కప్పు కూతురి ముందుకి చాపింది. సొల్మి పోసింది. అదీ తాగేసి, వెనకున్నవాళ్ళు చలికి చస్తున్నారు తెమలమంటూ, అలవాటుకొద్దీ గరిటె కోసం చెయ్యి జాపింది.

సొల్మి మోచేత్తో తల్లిని పక్కకి నెట్టింది.

సున్రే ఒక్క క్షణం గుడ్లురిమింది. తర్వాత ఫక్కున నవ్వి, కత్తి తీసుకుని ఉల్లికాడల ముందు కూర్చుంది.