ఎ పైన, బి కింద

నేను ఒక కోత రంపాన్ని. ఒంటిచేత్తో ఆడించే వడ్రంగి రంపం కాదు. మనిషంత పొడవు, చెరో కొసకూ ఓ పిడి. దుంగ మీద ఒకడు, దుంగ కింద గోతిలో ఒకడు నిలబడి నన్ను లాగాలి. నా ఇనుము ఎక్కడిదో తెలియదు. పళ్ళు పెట్టింది మాత్రం బొబ్బిలి దగ్గర కమ్మరి. మొదట నన్ను కొన్న అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు నన్నెలా పంచుకోవాలో తెలియక అమ్మేశారు. మనుషులకు ఏది చూసినా సగం చేయాలనిపిస్తుంది. నాకూ అదే జబ్బు గనక తప్పుపట్టను.

అలా దాలయ్య, గవరయ్యల చేతికొచ్చాను. గవరయ్య దాలయ్య చెల్లెలి మొగుడు. ఎప్పుడూ దాలయ్య పైన, గవరయ్య కింద. పైవాడికి గాలి, కిందవాడికి కళ్ళలో పొట్టు.

ఆ రోజు కోస్తున్నది గవరయ్య సొంతింటి ద్వారబంధానికి. పెళ్ళయిన నాటినుంచీ తాటాకు పాకలో కాపురం. తెల్లారితే గుమ్మం నిలబెట్టే ముహూర్తం. అది తప్పితే మూఢం, ఆపైన వానలు. మళ్ళీ పాకే గతి.

గవరయ్య కూతురు బంగారమ్మ గట్టు మీద లెక్కల పుస్తకం పైకి చదువుతోంది. “ఎ ఒక పనిని ఆరు రోజులలో, బి అదే పనిని పన్నెండు రోజులలో చేయుదురు. ఇద్దరూ కలిసి ఎన్ని రోజులలో చేయుదురు?”

దాలయ్య లాగుతూనే అడిగాడు. “ఎ ఎవుడే?”

“ఎవుడో ఒకడు మావా. నువ్వే అనుకో.”

“మరి బి?”

ఆ పిల్ల గోతిలోకి చూసింది. చూడకుండా ఉండాల్సింది.

నా కింది పిడి ఆగిపోయింది. “నాను పన్నెండు రోజులేటి?” అన్నాడు గవరయ్య.

“నానన్లేదు. పుస్తకంలో ఉంది,” అంది బంగారమ్మ.

“ఆ రాసినోడు మన కోత ఎప్పుడు సూసినాడు?”

“సూసే రాసుంటాడు బావా.”

గవరయ్య గోతిలోంచి పైకొచ్చి, పొట్టు దులుపుకొని గట్టున కూర్చున్నాడు. “అయితే నీ ఆరు రోజుల కోత కొయ్యి. సూస్తాను.”

దాలయ్య ఒక్కడే లాగాడు. పైకి వచ్చాను. కిందికి తోస్తే పాములా మెలికలు తిరిగి, నూలు కొట్టిన గీత వదిలి నా దారిన నేను పోయాను. తర్వాత గవరయ్య ఒక్కడే గోతిలో దిగాడు. కిందికి వచ్చాను. పైకి పోలేదు. పిడికి వేలాడాడు, తిట్టాడు, బతిమాలాడు. పొద్దు వాలింది.

బంగారమ్మ కాగితం మీద ఏదో కొట్టేసి తల గోక్కుంది. “మావొక్కడే కోస్తే ఎప్పటికీ అవదు. రోజుకి సున్నా. నానకీ సున్నా. రెండు సున్నాలు కలిపితే సున్నాయే. మరి పొద్దున్న కోసిన చెక్క ఎలాగొచ్చింది?”

అంబలి తెచ్చిన సన్నమ్మ దుంగని చూసింది, మొగుణ్ణి చూసింది, అన్నని చూసింది.

“పర్లేదు. రేపు ముహూర్తానికి మిమ్మల్నే నిలబెడతాను. ఎడం పక్కన ఒకడు, కుడి పక్కన ఒకడు. పసుపు రాసి బొట్టెడతాను.”

అంబలి తాగకుండానే ఒకడు ఎక్కాడు, ఒకడు దిగాడు. చీకటి పడకముందే కోత ముగిసింది. గుమ్మం ముహూర్తానికే లేచింది. నేను దారి తప్పిన చోట ఎడమ చెక్కకు కాస్త పొట్ట వచ్చింది. వడ్రంగి చిత్రిక పట్టినంత పట్టి వదిలేశాడు.

బంగారమ్మ పరీక్షలో ఆ లెక్కకు నాలుగు రోజులనే రాసింది. మార్కులు వేశారు.

కోత మిల్లులొచ్చాక నన్ను ఆ ఇంటి అటక ఎక్కించారు. పైనుంచి గుమ్మం బాగా కనిపిస్తుంది. వానాకాలం తలుపు ఆ పొట్ట దగ్గర బిగుసుకుంటుంది. లోపలినుంచి ఒకరు లాగాలి, బయటనుంచి ఒకరు తోయాలి. సాయంత్రం దాలయ్య వచ్చి తడుస్తూ నిలబడతాడు.

“బావా, లాగు.”

“ముందు నువ్వు తొయ్యి.”

“తోస్తన్నాను. నువ్వే లాగట్లేదు.”

వంటింట్లోంచి సన్నమ్మ వస్తున్న చప్పుడు వినబడగానే తలుపు తెరుచుకుంటుంది.