వాల్‌రోష్ వారి దాయాది

నేను ఒక పేరును. కాలూ చెయ్యీ లేవు, మోసేవాళ్లుంటేనే నా బతుకు. ఫ్రాన్సులో ఉత్తరాన, రాతి గనుల మధ్య ఉన్న ఒక పల్లెకు నన్ను పెట్టారు. వాల్‌రోష్ అంటే రాళ్ల లోయ. తర్వాత అక్కడి మనుషులకూ ఇంటిపేరునయ్యాను. వాళ్లలో ఒక గుమాస్తా నన్ను యానాం దాకా మోసుకొచ్చి, అక్కడ జ్వరంతో పోయాడు. పిల్లాజెల్లా లేరు. ఇక్కడితో నా పని సరి అనుకున్నాను.

ఇంతలో పాత ఆచారాలు వదులుకున్నవాళ్లు ఫ్రెంచి ఇంటిపేరు పెట్టుకోవచ్చని చట్టం వచ్చింది. కులం పేరుతో పిలిపించుకుని విసిగిపోయిన కోటయ్య, ఆ గుమాస్తాకు వండిపెట్టినవాడు, నన్ను తీసుకున్నాడు. వంటవాడింటికి వెళ్లడం నాకు నామోషీగానే తోచింది. అతని అన్నదమ్ములు మాత్రం ఇంటిపేరు మార్చుకున్నవాడికి మేం మైల పట్టం అని తేల్చేశారు. అన్నట్టే కోటయ్య పోతే పాడె పట్టడానికి ఒక్కరూ రాలేదు. కొడుకు గంగన్న కూలివాళ్ల చేత మోయించాడు. రేపు తన గతీ ఇంతేనన్న దిగులు ఆనాడే అతనికి పట్టుకుంది.

పెద్ద యుద్ధం వచ్చింది. గంగన్న సిపాయిగా ఫ్రాన్సు చేరాడు. దండు దిగిన చోటికి దగ్గర్లోనే తన ఇంటిపేరుతో ఒక ఊరుందని, అక్కడ సగంమంది వాల్‌రోష్‌లేనని విని పొంగిపోయాడు. యానాంలో ఇంటిపేరు ఒకటైతే దాయాదులే. ఇక్కడివాళ్లకు ఆ లెక్క లేదని నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

సమాధిరాళ్లు చెక్కే ముసలి వాల్‌రోష్ కొడుకు గనిలో బండ మీదపడి పోయాడు. కబురు తెలిసి గంగన్న గుండు గీయించుకున్నాడు, గడ్డకట్టే చలిలో నెత్తిన నీళ్లు పోసుకుని, తడిబట్టలతో గోతి దగ్గర నిలబడ్డాడు. పిడికెడు మట్టి తీసుకోగానే ముసలివాడు నువ్వెవరని అడిగాడు.

"నేనూ వాల్‌రోష్‌నేనండీ. మనింట్లో చావుకి నేను రాకపోతే ఎలాగండీ?" అన్నాడు గంగన్న, వచ్చీరాని ఫ్రెంచిలో.

ముందు పాదిరీ నవ్వాడు. తర్వాత చావుకొచ్చినవాళ్లంతా నవ్వారు. ముసలివాడు నవ్వలేదు. గంగన్న పిడికిలి విప్పించి, మట్టి దులిపించి, ప్రహరీ అవతలికి పంపేశాడు. సొంత ఊళ్లో నన్ను చూసుకుని నాకే సిగ్గేసింది.

గంగన్న అయినా మైల మానలేదు. దండులో మాంసం ముట్టకుండా, ఎవరినీ తాకకుండా ఓ మూలన పడుకున్నాడు. ఆ చలి ఊపిరితిత్తులకెక్కింది. పోయేముందు తోటి సిపాయితో ఒక్కటే అన్నాడు.

"మావాళ్ల పక్కనే పెట్టించరా."

పక్కనే పెట్టారు, అంతవరకు పాదిరీ ఒప్పుకున్నాడు. అప్పటికి గంగన్న తలమీద వెంట్రుకలైనా సరిగ్గా మొలవలేదు. రాయి చెక్కవలసింది ఆ ముసలివాడే.

"మా పేరు పెట్టను. చూసినవాళ్లు మావాడనుకుంటారు" అన్నాడు.

ఎంతో ఓపిగ్గా నున్నగా చెక్కి, అక్షరం లేని రాయి నిలబెట్టాడు. ఇక్కడా, యానాంలోనూ గంగన్నకు ఎవరూ మైల పట్టలేదు.

ఆ వరసలో ప్రతి రాయి మీదా నేనున్నాను. పుట్టుకతో నన్ను ఊరికే పొందినవాళ్ల మీద, నన్ను పట్టించుకోనివాళ్ల మీద కూడా ఉన్నాను. నాకోసం మైల పట్టినవాడి రాయి మీద లేను.