పచ్చ స్టిక్కరు

టైలరమ్మ దగ్గర ఒక నీలం పెట్టె ఉండేది. నాలుగు వైపులా క్లిప్పులతో మూత బిగుసుకునే ప్లాస్టిక్ పెట్టె. ఏటిగట్టు తెగితే ఇంట్లో ఏమేం సిద్ధంగా ఉండాలో కిందటేడు మండలాఫీసు వాళ్ళు ఒక కాగితం పంచారు. వీధిలో అందరూ ఆ కాగితాన్ని అలమారలో బట్టల కింద పరుచుకున్నారు. టైలరమ్మ మాత్రం వరసగా చదివి, ఒక్కొక్కటే కొని పెట్టెలో సర్దింది. టార్చిలైటు, తాడు, ఈల, అగ్గిపెట్టెలు, బిస్కెట్లు, నీళ్ళ సీసాలు. అన్నిటికీ పైన, చిన్న గుడ్డసంచిలో, అత్తగారి ఆయాసానికి ఇన్‌హేలరు. సీలు తీయనిది.

వీధంతా నవ్వింది. "ప్రళయం వస్తే మిగిలేది టైలరమ్మ ఒక్కతే. ఆ తర్వాత ఎవరికి కుడుతుందో బట్టలు!" అంది చివరింటి టైర్లావిడ. ఆవిడ మొగుడికి పెద్దరోడ్డు మీద టైర్ల షాపు ఉంది, వీధిలో డాబా ఉన్నది కూడా వాళ్ళకే. ఆ మాటకి అందరికన్నా గట్టిగా నవ్వింది అత్తగారే. నవ్వీ నవ్వీ ఆయాసం తెచ్చుకుని, కోడలే వచ్చి వీపు నిమిరితే, "చాల్లే, నిమిరింది" అని విసుక్కుంది.

నవ్విన వీధికే ఆ పెట్టెతో పని పడింది. వానాకాలం ముందు ఇంటింటికీ తనిఖీ అన్నారు. కాగితంలో రాసినవన్నీ ఉన్న ఇంటి తలుపు మీద పచ్చ స్టిక్కరు వేస్తారట. వీధిలో ఉన్న పదకొండిళ్ళకీ పచ్చ పడితే పెద్దరోడ్డు దాకా సిమెంటు రోడ్డు వేస్తారట. మోకాలి లోతు బురదలో ఇరవై ఏళ్ళుగా చెప్పులు పోగొట్టుకుంటున్న వీధికి ఇంతకన్నా ఏం కావాలి?

తనిఖీ రేపనగా టైర్లావిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. "నీ పెట్టె ఒక్క గంట ఇస్తే చాలమ్మా. ముందు మీ ఇల్లు చూస్తాడు. ఆయన గుమ్మం దాటగానే వెనక గోడ మీంచి పక్కింటికి ఇచ్చెయ్. వాళ్ళు ఆ పక్కవాళ్ళకి ఇస్తారు. అలా అలా మా ఇంటిదాకా వచ్చేస్తుంది."

"అందులో అత్తయ్య మందుంది వదినా."

"ఉంటే ఏం, మేం మింగేస్తామా?"

"మందు తీసేసి ఇస్తాను."

"తీసేస్తే ఎలా? మందులు కూడా ఉండాలని కాగితంలో ఉందిగా. నువ్వేగా కంఠతా పట్టింది!"

టైలరమ్మ ఒప్పుకోలేదు. మంచం మీద అత్తగారు లేచి కూర్చుంది. "ఏమే, రోడ్డు నీవల్లే ఆగిందని రేపు వీధంతా నా మొహాన ఉమ్మెయ్యాలా? ప్లాస్టిక్ డబ్బా! అదేదో పుట్టింటి నుంచి పల్లకీలో తెచ్చుకున్నట్టు! ఇచ్చెయ్. ఆ మందు నాది, ఇమ్మంటున్నది నేను."

మొగుడు లైన్‌మన్. స్తంభం దిగి ఇంటికొస్తే తల్లి ఒకవైపు, పెళ్ళాం ఒకవైపు లాగుతారని తెలిసి, ఆ రోజు స్తంభం దిగనేలేదు. పెట్టె ఇవ్వక తప్పలేదు.

తనిఖీకి వచ్చినాయన ఎండైనా వానైనా గొడుగు వదలడు. అందుకని అందరూ గొడుగు సారు అంటారు. ఆయన ముందు గుమ్మంలోంచి ఒక ఇంట్లోకి వెళ్తుంటే పెట్టె వెనక గోడ మీంచి అంతకన్నా వేగంగా వెళ్ళింది. ఆలస్యమైన చోట ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. మూడో ఇంటికొచ్చేసరికి ఆయన ఇన్‌హేలరుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇక్కడ కూడా ఆయాసమేనా?"

"ఈ వీధి గాలి మంచిది కాదు సార్" అంది ఆ ఇంటామె.

గొడుగు సారు రాసుకున్నాడు. పదకొండిళ్ళు, పదకొండు ఆయాసాలు, పదకొండు పచ్చ స్టిక్కర్లు. నీళ్ళు తాగీ తాగీ కడుపు ఉబ్బి వెళ్ళిపోయాడు.

పెట్టె మాత్రం తిరిగి రాలేదు. మర్నాడు అడిగితే "సాయంత్రం పంపిస్తా" అంది టైర్లావిడ. వారం తర్వాత అడిగితే "మళ్ళీ తనిఖీకి వస్తారేమో, ఉండనీ" అంది. మూడోసారి అడిగితే తలుపు సగమే తీసి, "నీ డబ్బాకేమైనా కాళ్ళొచ్చాయా పారిపోవడానికి?" అంది. టైలరమ్మ ఇంటికొచ్చి చేతిలో గుడ్డని అడ్డంగా కత్తిరించేసుకుంది. "పోనీలెద్దూ, దాన్నే తలుచుకుంటూ కూర్చుంటావేం" అంది అత్తగారు, వాడుతున్న ఇన్‌హేలరుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసుకుంటూ.

గట్టు ఒక పొద్దున పది గంటలకి తెగింది. మధ్యాహ్నానికి వీధిలో నడుముల్లోతు నీళ్ళు. లైన్‌మన్ కరెంటు ఆపించే పనిలో ముందురోజే వెళ్ళిపోయాడు. టైలరమ్మ మిషను తలకాయ విప్పి అటక మీద పెట్టింది. అత్తగారిని వీపున వేసుకుని, నీళ్ళలో గోడలు పట్టుకుంటూ తొమ్మిదిళ్ళు దాటి టైర్ల వాళ్ళ డాబా ఎక్కింది. వీధంతా అక్కడే ఉంది. ఎవరూ జరగలేదు. మెట్ల దగ్గరే, కాస్త తడి లేని చోట, ఆవిణ్ణి కూర్చోబెట్టింది.

ఆ తడికీ చలికీ అత్తగారి గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. చేతిలో ఉన్న ఇన్‌హేలరు రెండుసార్లు పనిచేసి, మూడోసారి ఉత్త గాలి కొట్టింది.

"వదినా, నా పెట్టె ఏది?"

టైర్లావిడ మేడగదిలోకి వెళ్ళి పెట్టె తెచ్చి నేల మీద పెట్టింది. టైలరమ్మ క్లిప్పులు విప్పింది. నిండా బట్టలసోడా.

"చెమ్మ తగలకుండా మూత బాగుంది కదా అని..." అంది టైర్లావిడ.

"ఇందులోవి?"

"టార్చిలైటు షాపులో ఉంది. తాడు ఇదిగో, బట్టలారేశాంగా. బిస్కెట్లు... బిస్కెట్లు నిలవుంటాయా ఎక్కడైనా?"

"మందు వదినా. మందు."

టైర్లావిడ మొగుడి వైపు చూసింది. టైర్లాయన వరదనీళ్ళలోకి చూశాడు. "మొన్న నాకు దగ్గొస్తే పీల్చాను" అన్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "బాగానే పనిచేసింది" అని కూడా అన్నాడు.

టైలరమ్మ పిడికెడు సోడా తీసి ఆయన మొహాన కొట్టేదే. అత్తగారు చెయ్యి పట్టుకుంది. ఆపడానికి కాదు, ఊపిరాడక. పెదవులు నీలంగా ఉన్నాయి.

అప్పుడే మోటారు చప్పుడు వినిపించింది. వీధి మొదట్లోంచి పడవ పోతోంది. ముందువైపు నిలబడి ఉన్నాడు గొడుగు సారు. డాబా మొత్తం లేచి కేకలేసింది. ఆయన మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"మీది పచ్చ వీధి! స్టిక్కరు లేని ఇళ్ళు ముందు! మీ దగ్గర అన్నీ ఉన్నాయి, సాయంత్రం దాకా ఓపిక పట్టండి!"

"మా అత్తకి ఆయాసం సార్!" అని గొంతు చించుకుంది టైలరమ్మ.

"మీ వీధిలో అందరికీ ఆయాసమేగా! మందు పెట్టెలోనే ఉంది, నేనే చూశాను! పీల్పించమ్మా!"

పడవ స్టిక్కరు లేని గుడిసెల వైపు తిరిగింది. టైలరమ్మ పిట్టగోడ ఎక్కబోయింది. ఇద్దరు ముగ్గురు చీర పట్టి వెనక్కి లాగారు.

"ఏం చెప్పబోతున్నావే?" అంది టైర్లావిడ, చప్పున 'అమ్మా' మానేసి 'ఏమే'లోకి దిగిపోయి. "రోడ్డు మంజూరయింది. కంకర కూడా తోలారు. నువ్వు నోరు తెరిచావంటే మొత్తం పోతుంది. సాయంత్రం వస్తానన్నాడుగా!"

"సాయంత్రానికి ఈవిడ ఉండదు."

"పెద్దప్రాణం... ఈ వానకి కాకపోతే..." అని వెనక నుంచి ఎవరో గొణిగారు. ఎవరో చూడలేదు టైలరమ్మ. చూస్తే జన్మంతా ఆ మొహం గుర్తుంటుంది. చూడకపోయినా గొంతు గుర్తుపట్టింది. వాళ్ళింట్లో నలుగురికీ తనే కుడుతుంది.

చీర కొంగు చింపుకుని గోడెక్కింది. "సార్! ఆ పెట్టె మాది! పదకొండిళ్ళకీ ఒకటే పెట్టె చూశారు మీరు! వెనక గోడల మీంచి దాటించాం! ఇప్పుడు అందులో మందు లేదు, సోడా ఉంది!"

పడవ మోటారు ఆగింది. గొడుగు సారు గొడుగు మూశాడు. ఆయన గొడుగు మూయడం వీధి అదే మొదటిసారి చూసింది.

పడవ వెనక్కి తిరిగి డాబా కిందికి వచ్చింది. అత్తగారిని తాడు కట్టి దించడానికి టైర్లావిడ బట్టలారేసిన తాడే పనికొచ్చింది. ముడులన్నీ టైలరమ్మే వేసింది. డాబా మీద వాళ్ళు చూస్తూ నిలబడ్డారు. పడవలో ఉన్న మందు పెట్టెలోంచి ఇన్‌హేలరు తీసి రెండుసార్లు పీల్పించాక, పిల్లికూతలు కాస్త సన్నబడ్డాయి. ఇంకొకరికి చోటుందన్నారు. టైలరమ్మ దిగి పక్కన కూర్చుంది.

పైనుంచి నీలం పెట్టె వచ్చి పడవ పక్కన నీళ్ళలో పడింది. "తీసుకుపో నీ డబ్బా! నీళ్ళు తీశాక ఏ మొహం పెట్టుకుని వస్తావో మేమూ చూస్తాం!" అని అరిచింది టైర్లావిడ. మూత ఊడి సోడా కారి, టైర్ల వాళ్ళ గుమ్మం ముందు నుంచి బురదనీళ్ళ మీద నురగ తేలుకుంటూ పోయింది. టైలరమ్మ వంగి పెట్టె అందుకుంది. మూత కోసం చూస్తే అది అప్పటికే దూరంగా పోతోంది.

గొడుగు సారు తడిసిన రిజిస్టరు తెరిచాడు. "కొట్టెయ్యాలి కదమ్మా. పదకొండూనా?"

టైలరమ్మ జవాబిచ్చేలోగా అత్తగారు చెయ్యెత్తింది. మాట ఇంకా పూర్తిగా రాలేదు.

"పదే" అంది. "మా కోడలు... అన్నీ సర్దింది. ఒక్కటీ వదల్లేదు."

టైలరమ్మ ఒళ్ళో పెట్టెలో వాననీళ్ళు నిండుతున్నాయి. అత్తగారు ఇంకోసారి మందు పీల్చుకుని, గొంతు కాస్త పెగిలాక, కోడలి వైపు తిరిగింది.

"అందరిముందూ అరవాలా? రోడ్డు పోయింది కదే."

"పోయింది అత్తయ్యా" అంది టైలరమ్మ, పెట్టె వంచి నీళ్ళు పారబోస్తూ.