మెడ మీద కొత్త రంగు

నేను ఒక సెకండ్‌హ్యాండ్ మోటారు సైకిల్‌ని. రోడ్డు మీద బుద్ధిగా తిరిగే రకం కాదు. కొండలెక్కడానికి, రాళ్ల మీద దూకడానికి పుట్టినదాన్ని. పొడుగు కాళ్లు, గరుకు టైర్లు, బక్క ఒళ్లు. సరుకులు మోయను, పెళ్లాంపిల్లల్ని సినిమాకి తీసుకెళ్లను. నన్ను కొనేవాడికి సరదా తప్ప నాతో వేరే పనుండదు. మనుషులు అవసరానికి కొనే ఎద్దును పళ్లు పట్టి చూసి మరీ కొంటారు. సరదాకి కొనేదాన్ని మాత్రం రంగు చూసి కొంటారు. ఈ సంగతి తెలిసినవాళ్లే పాత బళ్ల వ్యాపారంలో బాగుపడతారు.

నా మొదటి యజమాని ధీరజ్ అనే కుర్రాడు. ఒకరోజు వీడియో కోసం రాళ్ల క్వారీ అంచు మీంచి నాతోసహా దూకాడు. అతనికి మోచెయ్యి విరిగింది. నాకు మెడ చిట్లింది. మెడ అంటే హ్యాండిల్ వచ్చి చట్రంలో దిగే చోటు, పెట్రోలు ట్యాంకుకు ముందు. ముందుచక్రం నిలిచేది దాని మీదే, నడిపేవాడి ప్రాణం నిలిచేదీ దాని మీదే. అతని చేతికి మూడు నెలలు కట్టు ఉంచారు. నా మెడకు పావుగంటలో వెల్డింగు పెట్టించి, గాజువాక అవతల కైలాసరావు అనే పాత బళ్ల వ్యాపారికి అంటగట్టారు. కైలాసరావు ఆ అతుకును నున్నగా అరగదీయించి నల్లరంగు కొట్టించాడు. "ఇప్పుడు పెళ్లికూతురులా ఉంది" అని మురిసిపోయాడు. నాకు మాత్రం అప్పుడే భయం పట్టుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం హేమసుందర్ వచ్చాడు. మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. ఆరు రోజులు టై కట్టుకుని డాక్టర్ల గదుల ముందు నిలబడి, ఏడో రోజు అనంతగిరి కొండల్లో తిరగాలని కలలు కనే మనిషి. వెంట తల్లి నూకరత్నమూ, ఆమెకు అన్న వరసయ్యే జోగినాయుడూ ఉన్నారు. జోగినాయుడు అనకాపల్లిలో నలభై ఏళ్లుగా బళ్లు బాగుచేస్తున్న మెకానిక్. తోడు తెచ్చుకోవలసినవాణ్ణే తెచ్చుకున్నాడు, అంతవరకు కుర్రాణ్ణి మెచ్చుకోవాలి.

జోగినాయుడు నా రంగు చూడలేదు. ముందుగా ఇంజను మీద అరచెయ్యి వేశాడు.

"ఏటి బాబూ, బండి మాకంటే ముందే తిరిగొచ్చిందేటి? ఎచ్చగుంది."

"కడిగాను కదండీ, తడి ఆరాలని కాసేపు నడిపించాను" అన్నాడు కైలాసరావు. చల్లగా ఉన్నప్పుడు నేను ఒక పట్టాన స్టార్టవను. అది కప్పిపుచ్చడానికే ఆ వేడి.

జోగినాయుడు గొలుసు తిరిగే చక్రం పళ్లు వేలితో తడిమాడు. చక్రాల పుల్లల్ని స్పానరుతో ఒక్కొక్కటే తట్టి చెవి పెట్టి విన్నాడు. వెనక చక్రాన్ని అటూ ఇటూ ఊపాడు. ముందు ఫోర్కుల మీద బొటనవేలు రాసి, ఆయిల్ కారుతోందేమో చూసుకున్నాడు. నన్ను నిజంగా చూసిన మనిషి ఆయన ఒక్కడే. చివరికి ఆయన వేలు నా మెడ దగ్గర ఆగింది. చట్రమంతా దుమ్ముకు వెలిసిపోయి ఉంటే అక్కడొక్కచోటే నిగనిగలాడుతోంది. గోటితో గీకాడు.

"ఒరే హేమా, ఈ మెడకాడ రంగు కొత్తగుందిరా. ఓపాలి ట్యాంకు ఇప్పి దాని కింద సూడాల. ఈ మెడ గానీ ఇరిగిందంటే మడిసి..."

"అన్నయ్యా!" అని నూకరత్నం అడ్డుపడింది. "శుభమా అని బండి తీసుకుంతంటే నోటమ్మట ఆ మాటలేటి? తథాస్తు దేవతలు ఉంతారు. నాలుగున్నరకి రావుకాలం వొచ్చేస్తాది, బేగి తాళం తీసుకోనీ."

అప్పుడు టైము నాలుగుంబావు. ట్యాంకు విప్పి చూడడానికి పావుగంట చాలు. కానీ ఆ పావుగంట అడగాలంటే అనకూడని మాట మళ్లీ అనాలి. జోగినాయుడు ఇంజన్లకు భయపడే మనిషి కాదు, తథాస్తు దేవతలకు భయపడ్డాడు. నాలిక కరుచుకుని, "సరే, రేపు షెడ్డుకి అట్టుకురా" అన్నాడు. హేమసుందర్ "అలాగే మావయ్యా" అన్నాడు. ఆ రేపు రానే లేదు.

మర్నాడు గుడి ముందు నాకు పూజ జరిగింది. చక్రాల కింద నిమ్మకాయలు, ముందు కొబ్బరికాయ. నూకరత్నం తడి పసుపు పిడికిట పట్టి, చల్లగా చూడు తల్లీ అంటూ నా మెడకు దట్టంగా రాసింది. కొండకు వెళ్లబోయే ముందు శనివారం కొడుకు నన్ను కడిగాడు. పసుపంతా పోయింది, ఒక్క గీత తప్ప. అది అతుకు మళ్లీ విచ్చుకున్న చీలికలోకి దిగి, చీలిక ఎంత పొడుగుందో అంతా పచ్చగా గీసి చూపించింది.

"అమ్మా, ఇది పోవట్లేదేంటే?"

"పోదురా. అమ్మోరి పసుపు, అట్టుకుంది. ఉండనీ" అంటూ ఆమె ఆ గీతను తాకి కళ్లకద్దుకుంది.

ఆదివారం ఉదయం అనంతగిరిలో మంచు. నేను మొండికేశాను. కావాలని చేశానో, కార్బొరేటర్ లోపమో ఇప్పటికీ తేల్చుకోలేను. అతను ముప్పైసార్లు తన్నాడు. నేను కదల్లేదు. ఇక దిగిపోతాడనుకుని ప్రాణం లేచి వచ్చింది. ఇంతలో అతనితో కొండకు వచ్చిన స్నేహితులు నలుగురు భుజం పట్టి తోశారు. మంచి స్నేహితులు. చెడ్డవాళ్లయితే వదిలేసి వెళ్లిపోయేవాళ్లు. పల్లంలో పడి స్టార్టయ్యాను.

కాఫీతోటల మధ్య ఎక్కుతున్నంతసేపూ అతను పాడుతూనే ఉన్నాడు. మధ్యలో ట్యాంకు తట్టి "అదరగొట్టేశావే" అన్నాడు. అతనంటే నాకు ఇష్టం కలిగింది. అందుకే ఆ దారి అయిపోకూడదని కోరుకున్నాను. దిగేటప్పుడు నీళ్లెండిన కొండవాగు, అక్కడివాళ్ల మాటలో గెడ్డ, ఒకటి అడ్డొచ్చింది. ముందుచక్రం రాళ్ల మధ్య దిగబడగానే నా మెడ ఊడిపోయింది. చక్రం ఒకవైపు వెళ్లింది, మేమిద్దరం ఇంకోవైపు వెళ్లాం. పక్కనున్న లోయ లోతైనదేమీ కాదు. ఐనా హేమసుందర్ మళ్లీ లేవలేదు.

కర్మకాండలయ్యాక రెండు ముక్కలుగా జోగినాయుడి షెడ్డుకు చేరాను. ఆయన ట్యాంకు విప్పాడు. పావుగంట కూడా పట్టలేదు. విరిగిన చోట పాత వెల్డింగు చూసి, చేతిలో స్పానరుతో అలాగే కూలబడ్డాడు.

అంతలో నూకరత్నం వచ్చింది. ఆయన చటుక్కున గోనెపట్టా లాగి నా మీద కప్పాడు.

"అన్నయ్యా, ఆవేళ నువ్వేదో సెప్పబోయినావు. నానే నోరు మూయించాను. ఆ మెడకాడేనా పోయింది?"

జోగినాయుడు ఆమె మొహం వంక చూశాడు.

"కాదమ్మా. సక్రం రాయెక్కి జారింది. ఏ బండయినా జారును."

"నిజమేనా?"

"నలబయ్యేళ్లు బళ్లు సూసినోణ్ణి. నాకు తెల్దేటి?"

ఆమె చాలాసేపు ఏడ్చింది. నాకు నోరు లేకపోవడం ఆ పూటకు మంచిదే అనిపించింది. లేచి వెళ్తూ ఆమె నా దగ్గర ఆగింది. వంగి గోనెపట్టా అంచు పట్టుకుంది. కొంచెం ఎత్తితే చాలు, అంతా కనిపిస్తుంది. ఆమె ఆ అంచును ఇంకాస్త కిందికి లాగి, సరిగ్గా కప్పి, వెళ్లిపోయింది.