పేర్లు రాసిన కోడలు

అత్త కనిషాయ్‌కి కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో వింటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మడతపెట్టిన బొంతల మధ్య కోడలి నోట్‌బుక్ దొరికింది. అందులో మామ పేరుంది, అత్త పేరుంది, మొగుడి పేరూ ఉంది!

నారిన్ కొండల్లోని ఆ ఊళ్లో కోడలు అత్తింటి పెద్దల పేర్లు గానీ మొగుడి పేరు గానీ పలకదు. ఈ కోడలు బురుల్చా కూడా ఎన్నడూ పలకలేదు. పాలు కాగేలోపు పొయ్యి పక్కన కూర్చుని రాసుకుంది, అంతే. రాస్తే గుండె బరువు దిగేది. మళ్లీ చదువుకుంటే తన తప్పూ కనబడేది. ఆ ఇంట్లో ఆమెకి సొంతమైనది అదొక్కటే.

"మావగారి పేరు రాస్తావటే, నీ చేతులు పడిపోనూ! ఇన్నేళ్లు కాపురం చేసి నేనే ఆ పేరు పలకలేదు!" అని అరిచింది అత్త.

"ఇంతకీ ఏం రాసిందీ?" అన్నాడు మామ దౌలత్, టీ గిన్నె దించకుండానే.

"చదివితే కదా! పేరు చూడగానే నాకు కళ్లు తిరిగాయి."

అక్కడున్నది ఇదీ: 'గొర్రె తప్పిపోయిందని దౌలత్ కనిషాయ్‌ని తిట్టాడు. కనిషాయ్ కోడల్ని తిట్టింది. కోడలు పిల్లాణ్ణి కొట్టింది. వాడేం చేశాడు పాపం?' అది రాసుకున్న రోజు నుంచి బురుల్చా పిల్లాడి మీద చెయ్యెత్తలేదు. మిగతావాళ్లకి ఆ బుద్ధి ఎక్కణ్ణుంచి వస్తుంది?

"పొయ్యిలో పడెయ్," అంది అత్త, నోట్‌బుక్ కోడలి ఒళ్లోకి విసిరి.

"పడెయ్యరాదూ, పీడా పోతుంది," అన్నాడు మొగుడు ఎర్మెక్. తల్లి మాటకి తందానా అనడమే అతని కాపురం.

బురుల్చా పొయ్యి తలుపు తీసింది. పడేసే ముందు ఆఖరిసారి పేజీలు తిప్పింది. కోడలు వండింది. కోడలు ఏడ్చింది. కోడలు ఊరుకుంది. అందరి పేర్లూ ఉన్నాయి, తన పేరు మాత్రం ఎక్కడా లేదు. ఎవరూ పిలవక పిలవక, చివరికి తనూ రాసుకోవడం మానేసింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీ పేర్ల మీద గీత కొట్టేస్తాను, అత్తయ్యా. ఆచారం, సరే. నా పేరు పలకొద్దని ఏ ఆచారంలో ఉంది?"

"కోడల్ని కోడలనక ఇంకేమంటారే?"

"బురుల్చా అనాలి. మా అమ్మ పెట్టిన పేరు. అనండి, వింటాను."

మామ దగ్గాడు. ఎర్మెక్ నేలచూపులు చూశాడు. ఎవరి నోటా ఆ పేరు రాలేదు.

బురుల్చా పొయ్యి తలుపు ధడాలున మూసింది. అందరూ చూస్తుండగా అక్కడే చతికిలబడి కొత్త పేజీ తీసి రాసింది: 'ఇవాళ బురుల్చాకి కోపం వచ్చింది. రావాల్సినవాళ్ల మీదే వచ్చింది.'