జూన్‌లో పెట్టిన సంతకాలు

ఎండాకాలం సెలవులు అయిపోగానే ఆ హైస్కూల్లో జరిగే మొదటి శుభకార్యం సంతకాలు పెట్టడం. పుస్తకాలు ఇంకా రావు, టైంటేబుల్ తేలదు, కుళాయిలో నీళ్ళూ రావు. హెడ్మాస్టరు అచ్యుతరావుగారి గదిలోకి మాత్రం టీ, పుణుగులు వస్తాయి. వాటి వెనకే స్కూలు పేరు అచ్చువేసిన పన్నెండు కాగితాలు వస్తాయి.

ఆడపిల్లలకు గానీ, ఆడ టీచర్లకు గానీ వేధింపులు ఎదురైనా, ఆడవాళ్ళని చిన్నచూపు చూసినా చెప్పుకోవడానికి స్కూల్లో ఒక కమిటీ ఉంది. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో నెలనెలా మండల ఆఫీసుకు రాసి పంపాలి. ఎప్పుడూ ఏమీ రావు. రానిదానికి నెలనెలా మనుషుల్ని పోగుచేయడం ఎందుకని, పన్నెండు నెలల సంతకాలూ జూన్‌లోనే కానిచ్చేస్తారు. పైన రాయాల్సిన నాలుగు ముక్కలూ ఏ నెలకా నెల హెడ్మాస్టరే టైపు చేయిస్తాడు. మనిషికి బద్ధకం ఉండవచ్చు, పిరికితనమూ ఉండవచ్చు. వాటికి పద్ధతి అని పేరు పెట్టుకోకూడదు. ఆ స్కూల్లో పెట్టుకున్నారు.

ఆ కమిటీకి పెద్ద కనకరత్నం. బయాలజీ టీచరు, ముప్ఫై ఏళ్ళ సర్వీసు, ఇంకో ఏడాదిన్నరలో రిటైర్మెంటు. రెండో మెంబరు ఇంగ్లీషు చెప్పే నెల్సన్. మూడో మెంబరు ఎవరో ఆ మెంబరుకే గుర్తుండదు. ఆరేళ్ళుగా పుణుగులు తింటూ కనకరత్నం ఆ సంతకాలు పెడుతూనే ఉంది. చేతికి నూనె అంటుకుంటే కాగితం పాడవుతుందని వేళ్ళు తుడుచుకుని మరీ పెట్టేది. అంత శుభ్రం ఆవిడది.

నవంబర్ మొదట్లో బిందు వచ్చి లాబ్‌లో ఆవిడ ముందు నిలబడింది. బిందు లెక్కలు చెప్పడానికి ఏడాది ఒప్పందం మీద తీసుకున్న టీచరు, పాతికేళ్ళ పిల్ల. రోజూ ముదినేపల్లి నుంచి స్కూటీ మీద వస్తుంది. మాట్లాడకుండా రెండు పేజీల కాగితం చేతికిచ్చింది.

ఈ రోజుల్లో స్కూలంటే పాఠాలకన్నా ఫోటోలు ఎక్కువ. అన్నం ఫోటో, గుడ్డు ఫోటో, బాత్రూమ్ ఫోటో, అన్నీ ఆన్‌లైన్లో ఎక్కించాలి. ఆ పని ఉందని హెడ్మాస్టరు తనను రోజూ సాయంత్రం ఆపుతున్నాడని బిందు రాసింది. అందరూ వెళ్ళాక తలుపు దగ్గరికి వేస్తున్నాడని, కుర్చీ వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేస్తున్నాడని రాసింది. ఇక ఉండనని చెప్పిన మర్నాటి నుంచి ఆరు పీరియడ్లూ తనకే వేశాడట. డిసెంబర్లో నిన్ను కొనసాగించాలో వద్దో రాసేది నేనే సుమా అని గుర్తు కూడా చేశాడట. ప్రతిదానికీ తేదీ వేసింది.

చదువుతుంటే కనకరత్నానికి ముందు జాలి రాలేదు, చిరాకు వచ్చింది. ఈ కాగితం ఇంకో ఏడాదిన్నర ఆగి రాకూడదా అనుకుంది. అలా అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది కూడా. కానీ సిగ్గుపడటం వేరు, పని చెయ్యడం వేరు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, రెండు రోజులు టైమివ్వమ్మా అంది.

ఆ రెండు రోజులు తొమ్మిది రోజులయ్యాయి. మధ్యలో నెల్సన్ చెవిన వేసింది. ఊరుకున్నంత ఉత్తమం లేదు మేడంగారూ అని అతను హితబోధ చేశాడు. చెప్పినవాడు తనే ఊరుకుని ఉంటే బాగుండేది. ఆ సాయంత్రమే అతను వెళ్ళి అచ్యుతరావుకు అంతా చెప్పాడన్న సంగతి కనకరత్నానికి తర్వాతగానీ తెలియలేదు.

పదో రోజు సాయంత్రం పేపర్లు దిద్దుతూ లాబ్‌లో ఉండిపోయింది. అయిదుంబావుకు తాళం వేసి బయటికి వస్తుంటే ఆఫీసు గదిలోంచి మనోజ్ఞ వచ్చింది. పదో తరగతి పిల్ల. క్లాసులో గుండె బొమ్మ అందరికన్నా బాగా వేస్తుంది. ఇంతసేపు ఎందుకున్నావని అడిగింది కనకరత్నం.

"ఆన్‌లైన్ పనండీ. బిందు మేడం సాయంత్రాలు ఉండటం మానేశారు గదండీ, నాకు కంప్యూటర్ బాగా వచ్చని సార్ పిలిచారు. రేపట్నుంచి రోజూ ఉండమన్నారండీ."

"తలుపు తీసే ఉందా?"

"దగ్గరికి వేశారండీ. దోమలొస్తున్నాయని."

కొల్లేరు పక్క ఊళ్ళలో పొద్దువాలితే దోమలు రావడం నిజమే. ఎవరూ కాదనలేని నిజం. వేసిన తలుపుకు అంత మంచి కారణం దొరికినవాడు రేపు ఇంకో మంచి కారణం వెతుక్కుంటాడు. మనోజ్ఞను స్వయంగా ఆటో ఎక్కించి, రేపట్నుంచి నాలుగింటికే ఇంటికి వెళ్ళిపో, ఎవరైనా అడిగితే నేను చెప్పానని చెప్పు అంది.

మర్నాడు ప్రార్థన అవగానే బిందు రాసిన కాగితం పట్టుకుని హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళింది. అచ్యుతరావు మెత్తని మనిషి. ముప్ఫై ఏళ్ళలో ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, ఆ రెండు పేజీలూ శుభలేఖ చదివినట్టు తీరిగ్గా చదివాడు. కమిటీని కూర్చోబెట్టి విచారణ మొదలుపెడతానని ఆవిడ చెప్పింది.

"విచారణ అయిపోయింది గదండీ రత్నంగారూ," అన్నాడు ఆయన.

సొరుగులోంచి ఒక జిరాక్స్ తీసి ముందు పెట్టాడు. తేదీ మూడు రోజుల కిందటిది. కమిటీ సభ్యులు స్వయంగా విచారించారనీ, బిందు చేసిన ఆరోపణల్లో నిజం లేదనీ, ఆమె ప్రవర్తనే స్కూలుకు తగనిదిగా ఉందనీ, ఉద్యోగంలోంచి తీసేయడం మంచిదనీ అందులో ఉంది. కింద మూడు సంతకాలు. మొదటిది ఆవిడదే.

"ఇది నేను రాయలేదండీ."

"సంతకం మీదే గదండీ."

ఆవిడదే. జూన్‌లో వేళ్ళు తుడుచుకుని పెట్టిందే. నవంబర్ నెల కాగితం అలా ఉపయోగపడిందన్నమాట. అసలు కాగితం మండల ఆఫీసుకు వెళ్ళిపోయిందని కూడా ఆయన చెప్పాడు. ఆవిడ లేచి నిలబడితే, ఆయన కూడా మర్యాదకు లేచాడు.

"మే దాకా ఇంకా ఆరు ఉన్నాయండీ బీరువాలో. జాగ్రత్తగానే ఉంచాను, మీరేం కంగారుపడకండి."

ఆ రోజు పాఠం ఏం చెప్పిందో కనకరత్నానికి గుర్తులేదు. ఆరు కాగితాలు. ఆరింటి మీదా పైన తెలుపు, కింద తను. ఆ తెలుపులో ఆయన ఏం రాస్తే అది తను అన్న మాటే. ఆ పూట మొదటిసారి ఆవిడకు తన పేరంటే భయం వేసింది.

ఆవిడ భర్త నరసింహమూర్తికి కైకలూరు బజార్లో చేపల మేత దుకాణం. సాయంత్రం దుకాణంలోనే అంతా చెప్పింది. ఆయన తలపట్టుకున్నాడు. షావుకారింట పుట్టి, షావుకారింట మెట్టి, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టావా, అదీ ఆరేళ్ళపాటా అన్నాడు. తర్వాత నెమ్మదించి తనకు తోచిన మంచి చెప్పాడు. ఎవరైనా అడిగితే సంతకం నాదే అను, అక్కడితో ఆపు. ఖాళీ కాగితాలమీద పెట్టానన్నావంటే ముందు పడేది నీ మీదే. సస్పెండ్ చేసి ఇంట్లో కూర్చోబెడతారు. ఆ బిందు చిన్నది, ఇంకో చోట ఉద్యోగం చూసుకుంటుంది.

"మనోజ్ఞకి ఇంకో స్కూలు ఎక్కడుందండీ?" అంది కనకరత్నం.

ఆ ఊళ్ళో ఉన్నది ఒక్కటే హైస్కూలు. నరసింహమూర్తి, ఎవరో మేత బస్తా కోసం వస్తే లేచి వెళ్ళాడు.

ఆ వారంలోనే బిందును తీసేశారు. వెళ్ళేరోజు స్టాఫ్‌రూమ్‌లో అందరికీ నమస్కారం పెట్టి కనకరత్నం ముందు ఆగకుండా వెళ్ళిపోయింది. ఆ దాటిపోవడం ఆవిడకు చెంపమీద కొట్టినట్టయింది. బిందు మాత్రం ఊరుకునే రకం కాదు. అదే ఫిర్యాదు ఏలూరులో పై అధికారుల చేతికిచ్చి వచ్చింది. డిసెంబర్ మొదటి వారంలో హేమంత్‌కుమార్ అనే అధికారి విచారణకు వచ్చాడు.

హెడ్మాస్టరు గదిలోనే కూర్చున్నారు. ఆ అధికారి నవంబర్ నెల కాగితాన్ని ముందు పెట్టి, ఈ సంతకం మీదేనా అని అడిగాడు. నాదేనండీ అంది కనకరత్నం. పక్కన అచ్యుతరావు కుర్చీలో కాస్త వెనక్కి వాలాడు.

"విచారణ చేసింది మీరేనా?"

"కాదండీ. అది జూన్‌లో ఖాళీ కాగితం మీద పెట్టిన సంతకమండీ. ఇదొక్కటే కాదు, ఆరేళ్ళవీ అంతే."

హేమంత్‌కుమార్ కలం కింద పెట్టాడు. ఏం చెబుతున్నారో ఆలోచించుకున్నారా, మీ సర్వీసు చివర్లో ఇది మీకే చుట్టుకుంటుంది అన్నాడు. మంచికే అన్నాడు. తెలుసండీ అని ఆవిడ చెప్పింది. మరి ఈ ఆరేళ్ళలో నిజంగా ఫిర్యాదులేవీ రాలేదా అని ఆయన మళ్ళీ అడిగాడు.

"ఎలా వస్తాయండీ? ఎవరూ నోరు తెరవకముందే ఏమీ లేదని నేను సంతకం పెట్టేశాను."

చెప్పాక ఆవిడకు నిండా మునిగినవాడికి చలేమిటన్న తెగింపు వచ్చింది. మనోజ్ఞను సాయంత్రం ఆపిన సంగతీ చెప్పింది. బీరువాలో ఇంకా ఆరు ఉన్నాయి, తీయించండి అంది. అచ్యుతరావు ఏమీ అభ్యంతరం చెప్పలేదు. తాళాలు తనే తీసిచ్చాడు. ఆ నిబ్బరం చూస్తే ఆవిడకు మళ్ళీ భయం వేసింది.

బీరువాలో నాలుగే ఉన్నాయి.

మేడంగారు లెక్క తప్పి ఉంటారండీ, పెద్దతనం గదా అన్నాడాయన, ఎప్పటి మెత్తని గొంతుతోనే. హేమంత్‌కుమార్ ఆ నాలుగింటినీ కవర్లో పెట్టి సీలు వేయించి, పదో తరగతి పిల్ల మనోజ్ఞను పిలవమన్నాడు. నెల్సన్ రిజిస్టరు తెచ్చాడు. నాలుగు రోజులుగా మనోజ్ఞ పేరు పక్కన ఆబ్సెంటే ఉంది. జ్వరమని క్లాసులో పిల్లలు చెబితే కనకరత్నం కూడా నమ్మింది. రిజిస్టరు చూసేసరికి ఆ నమ్మకం పోయింది. అధికారి తానూ వస్తానన్నాడు గానీ, ఆయన రాతకోతలు అయ్యేదాకా ఆగే ఓపిక ఆవిడకు లేకపోయింది. గేటు బయట ఆటో మాట్లాడుకుంది.

మనోజ్ఞ తండ్రి ప్రదీప్ చేపల చెరువుల దగ్గర కాపలా ఉంటాడు. ఇల్లు గట్టు మీదే. దారంతా రెండు వైపులా చెరువులు, వాటి మీద కాకులు వాలకుండా కట్టిన దారాలు. మాయమైన రెండు కాగితాల్లో ఒకటి ఇక్కడే ఉందేమోనని ఆవిడకు దారిలోనే అనిపించింది. ఉండకూడదని మొక్కుకుంది. మరి రెండోది ఎవరింట ఉందో ఊహించడానికి ధైర్యం చాలలేదు.

ఆవిడను చూడగానే ప్రదీప్ కంగారుగా కుర్చీ తెచ్చి తుండుగుడ్డతో తుడిచాడు. "మీరింత దూరం ఎందుకొచ్చారండీ మేడంగారూ, కాగితం అందింది గదండీ. ఆ రోజునుంచే పిల్లని పంపడం మానేశాం."

లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టిన కాగితం తెచ్చాడు. స్కూలు అయ్యాక సాయంత్రాలు మీ అమ్మాయి మగపిల్లలతో కలిసి ఉంటున్నట్టు కమిటీ విచారణలో తేలిందనీ, పరువు పోకముందే ఆమెను ఇంట్లో ఉంచుకోవడం మేలనీ అందులో రాసి ఉంది. కింద సంతకం చక్కగా, ఒక్క మరక లేకుండా ఉంది.

ఇది అబద్ధం ప్రదీప్, ఇందులో ఒక్క ముక్క కూడా నేను రాయలేదు, మీ అమ్మాయి బంగారంలాంటి పిల్ల అని కనకరత్నం చెప్పింది. ఖాళీ కాగితం సంగతీ, హెడ్మాస్టరు సంగతీ, తలుపు సంగతీ అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. అతను చేతులు కట్టుకుని మర్యాదగా విన్నాడు.

"హెడ్మాస్టరుగారు ఒక్కరే రాసుంటే నమ్మేవాణ్ణి కాదండీ," అన్నాడు చివరికి. "కింద మీ సంతకం చూసి నమ్మాను."

తలుపు వెనకనుంచి మనోజ్ఞ వచ్చింది. జడ వేసుకోలేదు. నాలుగు రోజులుగా ఎవరూ తనతో సరిగ్గా మాట్లాడలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"మేడం, నేనేం చేశానండీ?"

నువ్వేం చెయ్యలేదమ్మా, చేసిందంతా నేనే అంది కనకరత్నం. ఆ పిల్లకు అర్థమయిందో లేదో, అక్కడే నిలబడి చూస్తోంది. రేపు స్కూలుకు పంపిస్తావా ప్రదీప్, నేనే వచ్చి తీసుకెళతాను, నేనే దిగబెడతాను అని బతిమాలింది. అతను ఆవిడ వైపు చూశాడు, చేతిలో కాగితం వైపు చూశాడు.

"ఆలోచిస్తామండీ," అన్నాడు.

కనీసం ఆ కాగితం ఇమ్మని ఆవిడ చెయ్యి చాపింది. ప్రదీప్ ఇవ్వలేదు. మడతలు నలగకుండా మడిచి మళ్ళీ కవర్లో పెట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్ళాడు.